రెండు దారుల పటం

పది కావడానికి ఇంకా ఏడు నిమిషాలున్నాయనగా దామోదర్ మూడో గదిలో దీపాలు వేశాడు. మూలనున్న చిన్న మీటరు దగ్గరకు వెళ్లి, గాలిలో తేమ ఎంతుందో చూసి పుస్తకంలో రాశాడు. నేల మీద అంటించిన నల్లటి గీతను బూటు కొనతో తడుముతూ నడిచి, టేపు ఎక్కడా లేవలేదని నిర్ధారించుకున్నాడు. ఎడమ మడమ పొద్దున్నుంచే నొప్పెడుతోంది. పదకొండేళ్లు చెక్క నేల మీద నిలబడ్డ మడమ అది. ఇక నొప్పి పెట్టని రోజునే అనుమానించాలి. నీలం కోటు గుండీలు పెట్టుకుని, వచ్చినవాళ్లను లెక్కపెట్టే క్లిక్కరును కుడి జేబులో వేసుకుని, కుర్చీ పక్కన నిలబడ్డాడు. కుర్చీ ఉన్నది కూర్చోవడానికే. కానీ జనం ఉన్నప్పుడు కూర్చుంటే బాగుండదని అతని అభిప్రాయం.

ఆక్లాండ్ నడిబొడ్డున ఉన్న ఆ ఆర్ట్ గ్యాలరీలో అతను అటెండెంటు. అంటే బొమ్మలకు కాపలా. ఊళ్లో బంధువులు మాత్రం ‘మ్యూజియంలో ఆఫీసరు’ అని చెప్పుకుంటారు. దామోదర్ దాన్ని ఒప్పుకోనూ లేదు, కాదననూ లేదు. ఉద్యోగంలో అతను నోరు తెరిచి చెప్పవలసిన మాటలు రెండే. ‘దయచేసి కాస్త వెనక్కి జరగండి’ అన్నది ఒకటి. ‘టాయిలెట్లు మెట్లు దిగి ఎడమ పక్కన’ అన్నది రెండోది. బొమ్మ సంగతి ఎవరైనా అడిగితే గైడును అడగమనాలి. అటెండెంట్లు బొమ్మల గురించి మాట్లాడకూడదన్నది రూలు, ఆ రూలు పెట్టినవాళ్లకు దామోదర్‌ను మించిన విధేయుడు దొరికి ఉండడు.

ఈ రోజుతో ఆ రెండు మాటల అవసరమూ తీరిపోతుంది. అతనూ, భార్య శరణ్యా కలిసి ఉత్తరాన వాంగరేలో ఒక డైరీ తీసుకున్నారు. డైరీ అంటే ఇక్కడివాళ్ల భాషలో వీధి మలుపున ఉండే చిల్లర కొట్టు, పాలు, బ్రెడ్డు, పేపర్లు, పిల్లలకు చాక్లెట్లు. ఆక్లాండ్ శివారు న్యూ లిన్‌లో ఉంటున్న ఫ్లాటు ఖాళీ చేస్తున్నారు. పొద్దున ఐదు అట్టపెట్టెల మధ్య నిలబడి శరణ్య అడిగింది.

“ఆఖరి రోజు సిక్ లీవ్ పెట్టరాదు? సామాన్లు ఎవరు సదురుతరు?”

“ఒక పని ఉన్నది. అది అయినంక వస్త.”

ఏం పనో చెప్పలేదు. చెప్పడానికి సిగ్గేసింది. నలభై నాలుగేళ్ల మనిషి, రేపట్నుంచి కొట్టు యజమాని, తన గదిలో వేలాడుతున్న ఒక బొమ్మ కథను ఒక్కసారి, నలుగురి ముందు, గొంతెత్తి చెప్పాలనుకుంటున్నాడు. అంతకు మించి ఆ పనిలో ఏమీ లేదు. ఆ కాస్త పనీ చెయ్యకుండా పోతే మాత్రం, వాంగరేలో ఎన్ని పాల డబ్బాలు అమ్మినా తనలో ఏదో ఒకటి మూతపడే ఉండిపోతుందని అతనికి తెలుసు.

ఆ బొమ్మ మూడో గదిలో ఉత్తరపు గోడ మీద ఉంది. మామూలు తలుపంత ఎత్తు. ఐదు వందల ఏళ్ల కిందట ఇటలీలో, పేరు తెలియని చిత్రకారుడొకడు చెక్క మీద వేశాడు. రోక్ అనే క్రైస్తవ పునీతుడి జీవితం అది. కొండా, అడవీ, ఊరూ, కోటా అన్నీ ఒకే నేలగా కలిసిపోయి ఉంటాయి. వాటి మధ్య పసుపు అంగీ వేసుకున్న మనిషి కనిపిస్తాడు. ఐదు చోట్ల కనిపిస్తాడు. చూడవచ్చినవాళ్లలో సగం మంది వేలు గాల్లో ఆడిస్తూ, ఐదుగురున్నారని లెక్కపెట్టుకుని పక్క బొమ్మకు పోతారు. వాళ్లను చూసినప్పుడల్లా దామోదర్‌కు పెదవి దాకా వచ్చి ఆగిపోయే మాట ఒకటుంది. ఐదుగురు కారయ్యా, ఒక్కడే.

ఈ సంగతి అతనికి ఎవరూ నేర్పలేదు. ఉద్యోగంలో చేరిన మొదటి రోజునే, మొదటి చూపులోనే తెలిసింది. ఎందుకంటే దామోదర్ వాళ్లది పటం కథ చెప్పే ఇల్లు. తండ్రి సత్తయ్య ఏటా పంట ఇళ్లకు చేరాక, మూరల కొద్దీ పొడవున్న గుడ్డ పటం భుజాన వేసుకుని, నేతపని వాళ్ల ఊళ్లు తిరిగేవాడు. ఎర్రటి నేల మీద వరసలు వరసలుగా బొమ్మలు. పటాన్ని పందిరి గుంజకు వేలాడదీసి, పై వరస దగ్గర మొదలుపెట్టి, కర్రతో చూపిస్తూ, పాడుతూ, మాట చెబుతూ కింది దాకా వచ్చేవాడు. ఒకే మనిషి నలభై చోట్ల ఉంటాడు. వాణ్ని ఎలా పట్టుకోవాలో దామోదర్‌కు అక్షరాలు రాకముందే తెలుసు. మొహం చూడొద్దు, బట్ట రంగు చూడు.

పటం తెలిసినవాడు కాబట్టే, ఆ ఇంట్లో పుట్టినవాడు మాత్రమే చెయ్యగల పొరపాటు కూడా చేశాడు. ఈ చెక్క బొమ్మను కూడా పై నుంచి కిందికి చదివాడు. పైన ఎడమ మూల చెరసాల, అందులో చిరుగుల పసుపు అంగీతో చచ్చి పడున్న మనిషి. కథ అక్కడ మొదలనుకున్నాడు. పక్కనే గుర్రాలవాళ్ల మధ్య అతనే, అంటే వాళ్లొచ్చి విడిపించారన్నమాట. నడుమ అడవిలో కుక్క, రొట్టె. ఈ మంచివాడు తన రొట్టె కుక్కకు పెడుతున్నాడు. కింద కుడి పక్కన రోగుల ఊరు, చివరకు ఎడమ పక్కన ఇల్లు, గుమ్మంలో కొత్త అంగీతో అతనే, లోపల తల్లి ఒడిలో ఛాతీ మీద ఎర్రటి శిలువ మచ్చ ఉన్న పసిబిడ్డ. చచ్చినవాడు లేచి, నడిచి నడిచి, అంగీ కొత్తదై, ఆఖరికి తల్లి ఒడి చేరాడు. ఏడు నెలలు ఆ కథను లోలోపల చెప్పుకుని మురిసిపోయాడు.

ఎనిమిదో నెలలో హెలెన్ అనే గైడు పదిమందిని వెంటబెట్టుకొచ్చి అసలు కథ చెప్పింది. కథ కింద మొదలై పైకి పోతుంది. ఇల్లు వదిలి, ఆస్తి పంచిపెట్టి, మహమ్మారి వచ్చిన ఊళ్లో రోగులకు సేవ చేసి, తానే రోగం తగిలి అడవిలో పడుంటే, ఒక కుక్క రోజూ రొట్టె తెచ్చి బతికించింది. తిరిగి సొంత ఊరు చేరితే గుర్తుపట్టినవాడు లేడు. గూఢచారి అని పట్టుకున్నారు. చెరసాలలోనే పోయాడు. పోయాక, శిలువ మచ్చ చూసి, అయ్యో మనవాడే అనుకున్నారు. దామోదర్ ఆ రోజు కుర్చీ పక్కన నిలబడి అంతా విన్నాడు. చెవులు వేడెక్కాయి. తన తప్పు ఎవరికీ తెలియదు, అయినా అందరూ తననే చూస్తున్నట్టు అనిపించింది.

అలా నలుగురి ముందు చెవులు వేడెక్కడం అతనికి కొత్త కాదు. పదిహేడేళ్ల వయసులో ఒకసారి జరిగింది. ఒక ఊళ్లో కథ సగంలో సత్తయ్యకు జ్వరం ముదిరి కాళ్లు నిలవలేదు. కర్ర కొడుకు చేతిలో పెట్టి “ఇగ నువ్వు చెప్పు బిడ్డా” అన్నాడు. ప్రతి మాటా నోటికొచ్చు. జనంలో తన ఇంటర్ క్లాసువాళ్లు ఇద్దరున్నారు. దామోదర్ కర్ర పట్టుకుని నిలబడ్డాడు, నోరు పెగల్లేదు. నేతవాళ్లు నవ్వలేదు, తిట్టలేదు. ఒకామె మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది. ఆ మంచితనమే భరించలేకపోయాడు. కర్ర పటం పక్కన ఆనించి బయటికి నడిచాడు, నడుస్తూ నడుస్తూ హైదరాబాద్, అక్కడినుంచి హాస్పిటాలిటీ డిప్లొమా పేరుతో ఆక్లాండ్ చేరాడు.

పటం చిరిగిపోతే, పోయిన మనిషికి చేసినట్టే కర్మ చేసి నీళ్లలో సాగనంపుతారు. సాగనంపి కొత్తది రాయించుకుంటారు. సత్తయ్య పాతదాన్ని సాగనంపాడు, కొత్తది రాయించలేదు. చెప్పేవాళ్లెవరున్నారు? “పటాన్ని తోలిచ్చిన బిడ్డా” అని ఫోనులో చెప్పినప్పుడు దామోదర్ ఒక రెస్టారెంటు వెనకాల గిన్నెలు తోముతున్నాడు. సరే నాయినా అన్నాడు. మరుసటేడు సత్తయ్యా పోయాడు.

గురువారాల్లో పదకొండింటికి బొమ్మలు గీసుకునే క్లబ్బువాళ్లు వస్తారు. తొమ్మిదిమంది, దాదాపు అందరూ రిటైరైనవాళ్లు. మడత స్టూళ్లు తెచ్చుకుంటారు. ముందు హెలెన్ ఒక బొమ్మ గురించి చెబుతుంది, తర్వాత వాళ్లు గీసుకుంటారు. పెన్సిళ్లే తప్ప రంగులు లోపలికి రానివ్వరు. వాళ్లలో విజయలక్ష్మి ఒక్కతే మన మనిషి. కాకినాడలో లెక్కల టీచరుగా రిటైరై, మౌంట్ రాస్కిల్‌లో కూతురి దగ్గర ఉంటోంది. చేతిలో పెన్సిలు ఉన్నా ఎదుటివాళ్లను చూసే చూపు మాత్రం ఇంకా క్లాసు రూములోదే.

ఆ రోజు హెలెన్ రాలేదు. ఆమె ఎక్కిన బస్సు హార్బర్ బ్రిడ్జి మీద ట్రాఫిక్‌లో ఇరుక్కుంది. సూపర్‌వైజరు సియోనే వచ్చి ఆ సంగతి చెప్పాడు. టోంగా దీవుల మనిషి, గుమ్మం పట్టేంత వెడల్పు, ఆదివారాలు చర్చిలో పాడతాడు. బ్రిడ్జి ఎప్పుడు కదులుతుందో తెలియదు, ఇవాళ్టికి మాట్లాడేవాళ్లు లేరు, గీసుకోండి అన్నాడు.

విజయలక్ష్మి స్టూలు మీంచి లేచింది. దామోదర్ దగ్గరకొచ్చి మెల్లగా, తెలుగులో అంది.

“చూడండి దామోదర్ గారూ, ఏడాదిగా గమనిస్తున్నాను. ఆ బొమ్మ ముందు నిలబడితే మీ పెదాలు కదులుతూనే ఉంటాయి. అదేదో ఇవాళ పైకి అనేయండి.”

“రూలు ఒప్పుకోదు ఆంటీ.”

“రూలు సంగతి నేను చూసుకుంటాను. మీరు చెప్పగలరా, లేదా?”

అడగాల్సిన ప్రశ్నే అడిగింది ఆవిడ. చెప్పగలను అన్న మాట దామోదర్ నోట ఎలా వచ్చిందో తెలియదు గానీ వచ్చింది.

ఆవిడ సియోనే వైపు తిరిగి, టీచరు ఇంగ్లీషులో విషయం తేల్చేసింది. సియోనే కాసేపు తల గోక్కున్నాడు. రూలు రూలే అన్నాడు. తర్వాత గడియారం చూసుకుని, తాను రిపోర్టు రాసి పైకి పంపేలోపు ఇతను వాంగరేలో పాలు అమ్ముకుంటూ ఉంటాడు, ఇక శిక్ష ఎవరికి వేస్తారని తనలో తాను అనుకుంటున్నట్టుగా పైకే అన్నాడు. చేతులు కట్టుకుని గుమ్మం దగ్గర నిలబడ్డాడు.

దామోదర్ బొమ్మకు ఎడమ పక్కన, నల్ల గీతకు ఇవతల నిలబడ్డాడు. తొమ్మిది మొహాలు అతని వైపు తిరిగాయి. వినండి, అన్నాడు ఇంగ్లీషులో. ఇతను ఐదుగురు కాదు, ఒక్కడే, అన్నాడు.

ఆగిపోయాడు. అంతే. ముందున్న మాట కనబడలేదు. చెయ్యి గాల్లో ఉండిపోయింది. అన్నేళ్ల కిందట పందిట్లో పట్టుకున్న నిశ్శబ్దమే మళ్లీ పట్టుకుంది. స్టూళ్ల వాళ్లలో ఒకాయన దయగా నవ్వాడు. ఇంకొక క్షణం గడిస్తే ఎవరో ఒకరు మంచినీళ్లు తెస్తారు.

అప్పుడు గుమ్మం దగ్గర్నుంచి లావుపాటి గొంతు ఒకటి వినబడింది.

“ఇయో.”

టోంగా భాషలో ఔను అని. చర్చిలో పాస్టరు వాక్యం ముగించగానే వెనక నుంచి అనే అలవాటు ప్రకారం సియోనే అనేశాడు. తాను ఏం చేశాడో సియోనేకు తెలియదు. పటం కథలో చెప్పేవాడు ఒక్కడే ఉండడు. పక్కన వంత పలికేవాడు ఉంటాడు. ప్రతి మాటకీ ఔనంటాడు, ఆ ఔను మీద కాలు పెట్టి తర్వాతి మాట ముందుకొస్తుంది. సత్తయ్యకు తమ్ముడు వంత. పదిహేడేళ్ల దామోదర్ కర్ర పట్టుకున్న రోజు, ఆ చిన్నాయన అన్నను పట్టుకుని కూర్చున్నాడు. వంత లేకుండా నిలబడ్డాడు తను. ఇన్నాళ్లకు ఆ సంగతి తట్టింది.

“అంగీ చూడండి,” అన్నాడు దామోదర్. “ఇంటి దగ్గర కొత్తది.”

“ఇయో.”

“రోగుల ఊళ్లో అంచు చిరిగింది. అడవిలో మోకాలి దాకా చిరిగింది. చెరసాలకు వచ్చేసరికి సగమే మిగిలింది.”

“ఇయో.”

ఇక ఆగలేదు. మాట నడక అందుకుంది, నడక రాగం అందుకుంది. ఇంగ్లీషు మాటలే, కానీ వాటి వెనకాల సత్తయ్య దరువు ఉంది. టోపీ మీది గవ్వ యాత్రికుడి గుర్తు అన్నాడు. చేతి కర్ర ఇంటి దగ్గర పచ్చిగా ఉంది, చెరసాలలో ఎండిపోయింది చూడమన్నాడు. తొడ మీది పుండు చూపిస్తూ కూర్చున్నాడే, అది సిగ్గుపడవలసిన చోటు, అయినా దాచలేదన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, ఎవరు ఎటు చూస్తున్నారో చూడమన్నాడు. రోగులు తమ పుండ్లను చూసుకుంటున్నారు. గుర్రాలవాళ్లు తమ కళ్లేలను చూసుకుంటున్నారు. కావలివాడు గోడను చూస్తున్నాడు. బొమ్మ మొత్తంలో ఇరవై ఆరు ప్రాణులున్నాయి, నేను లెక్కపెట్టాను, అందులో ఇతన్ని చూస్తున్నది ఇద్దరే. తల్లి ఒకతె, కుక్క ఒకటి.

గదిలో పెన్సిళ్ల చప్పుడు ఆగిపోయింది. పక్క గదుల్లోంచి జనం వచ్చి చేరుతున్నారు. జేబులోని క్లిక్కరు నొక్కడం దామోదర్ మరిచిపోయాడు. ఆ రోజు మూడో గదికి ఎంతమంది వచ్చారో గ్యాలరీ లెక్కలో ఎప్పటికీ తేలదు.

చెరసాల దాకా చెప్పి, మచ్చ చూసి గుర్తుపట్టారని ముగించాడు. చప్పట్లకు చేతులు లేచాయి. దామోదర్ అరచెయ్యి చూపించి ఆపాడు.

ఇంకొకటుంది, అన్నాడు. నేను చేసిన తప్పు.

పటం సంగతి చెప్పాడు. మా నాయిన పై నుంచి కిందికి చెప్పేవాడు, నేనూ దీన్ని అలాగే చదివాను, ఏడు నెలలు తప్పుగా చదివాను అన్నాడు. పదకొండేళ్లుగా దాచుకున్న సిగ్గును అంతమందిలో బయటపెడుతుంటే చెవులు చల్లగానే ఉన్నాయి.

“కానీ ఒకసారి చెరసాల నుంచి కిందికి చూడండి. దారి వెంట వెళ్లకండి. తిన్నగా కిందికి.”

అందరి తలలూ కలిసి వంగాయి. చెరసాలకు సరిగ్గా కిందే ఆ ఇల్లు ఉంది. చచ్చిపోయినవాడి తల ఎటు వాలిందో, తల్లి ఒడిలో పసివాడి తల అటే వాలింది. చెరసాల కిటికీలోంచి పడ్డ వెలుగు ఎంత వెడల్పో, తల్లి వెనకాల కిటికీ అంతే వెడల్పు. వేసినవాడు ఊరికే వెయ్యలేదు. ఊరు అదే ఊరు కదా. దారి బొమ్మంతా చుట్టి, కుడికి పోయి, అడవి ఎక్కి, మళ్లీ ఎడమకు తిరిగి, బయలుదేరిన చోటికే వచ్చింది. ఎవరూ గుర్తుపట్టని చోటికీ, అమ్మ ఎత్తుకున్న చోటికీ మధ్య తిన్నగా ఒక్క చూపు దూరం.

“కింది నుంచి పైకి చదివితే మనిషి కథ,” అన్నాడు దామోదర్. “పై నుంచి కిందికి చదివితే అతను ఇంటికొచ్చిన కథ. ఈ చిత్రకారుడు రెండు దారులూ వేసి పెట్టాడు.”

“ఇయో,” అన్నాడు సియోనే, ఈసారి అలవాటుగా కాదు.

గ్యాలరీలో చప్పట్లు మర్యాద కాదు. అయినా కొట్టారు. ఎప్పుడొచ్చిందో హెలెన్ అందరికంటే వెనక నిలబడి ఉంది, వానకు తడిసిన కోటు ఇంకా ఒంటి మీదే ఉంది. పంతొమ్మిదేళ్లుగా ఈ బొమ్మ గురించి చెబుతున్నాను, ఒక్కసారి కూడా తిన్నగా కిందికి చూడలేదంది. ఇకనుంచి తానూ రెండు దారుల్లోనూ చెబుతానని, ఎవరి దగ్గర నేర్చుకున్నదీ కూడా చెబుతానని, అతని పేరు ఎలా పలకాలో రెండుసార్లు పలికించుకుంది. విజయలక్ష్మి మాత్రం తల ఎత్తకుండా గీసుకుంటోంది.

మధ్యాహ్నం స్టాఫ్ గదిలో అన్నం డబ్బా తెరవకుండానే ఇంటికి ఫోను చేశాడు.

“చెప్పిన శరణ్యా.”

“ఏం చెప్పినవ్?”

“పటం చెప్పిన.”

అవతల టేపు పీకుతున్న చప్పుడు ఆగింది. ఆమెకు ఆ పందిరి సంగతి తెలుసు. పెళ్లయిన కొత్తలో ఒక్కసారి చెప్పాడు, మళ్లీ ఆ ఊసెత్తలేదు.

“మంచిగ చెప్పినవా?”

“మంచిగనే చెప్పిన.”

“అయితే కార్ల పోతాంటే నాకు చెప్పు. మొత్తం చెప్పాలె. రెండున్నర గంటల తొవ్వ ఉన్నది.”

ఫోను పెట్టేశాక దామోదర్ కళ్లు తుడుచుకుని అన్నం తిన్నాడు. ఆకలి బాగా వేసింది. పప్పు చల్లారి ఉన్నా రుచిగానే ఉంది. నాయినా, ఆలస్యమైంది గానీ అయింది, అనుకున్నాడు. సంతోషమనే మాట అతను తన విషయంలో ఎక్కువగా వాడడు. ఆ పూట వాడుకున్నాడు.

తర్వాత మామూలు గురువారం. ముగ్గురిని వెనక్కి జరగమన్నాడు, ఇద్దరికి టాయిలెట్లు చూపించాడు. ఐదింటికి గంట కొట్టారు. జనం వెళ్లిపోయాక తేమ చూసి రాశాడు. బ్యాడ్జీ, తాళాలు, క్లిక్కరు, నీలం కోటు సియోనేకు అప్పజెప్పాడు. సియోనే కోటు మడిచి చంకలో పెట్టుకుని, ఇంకో చేత్తో అతన్ని ఊపిరాడనంత గట్టిగా కావలించుకున్నాడు. కింద వీధిలో శరణ్య కారు ఆపి, వెనక సీటు నిండా సామానుతో ఎదురుచూస్తోంది. దామోదర్ దీపాలు ఆర్పడానికి ఆఖరుసారి మూడో గదిలోకి వెళ్లాడు.

కుర్చీలో ఒక కాగితం ఉంది. పెన్సిలు బొమ్మ. సంతకం లేదు, కానీ గీతలు లెక్కల టీచరువి, ఒక్కటీ వంకర పోలేదు. దామోదర్ దాన్ని రెండు చేతులతో పట్టుకుని, ముందు పై నుంచి కిందికి, తర్వాత కింది నుంచి పైకి చూశాడు. నవ్వొచ్చింది. సంచిలో పెట్టుకోబోయి ఆగాడు. రేపు ఈ కుర్చీ పక్కకు కొత్తవాడెవరో వస్తాడు, అతనికీ రెండే మాటలు ఇచ్చి నిలబెడతారు. పటం దాచుకునేది కాదు, నలుగురి ముందు ఉండాల్సింది. కాగితాన్ని కుర్చీ వీపుకు ఆనించి నిలబెట్టి, దీపాలు ఆర్పి, మడమ నొప్పితోనే మెట్లు దిగిపోయాడు.

బయటి వెలుగు కిటికీలోంచి కుర్చీ మీద పడుతోంది. కాగితం మీద ఒకటే గది, ఆ గదిలో నాలుగు చోట్ల అదే కోటు మనిషి: గుమ్మంలో ఒకసారి, కుర్చీ పక్కన ఒకసారి, చెయ్యెత్తి కథ చెబుతూ ఒకసారి, నాలుగోసారి కాగితం అంచు దాటిపోతూ, వెనక కాలు మాత్రం ఇంకా లోపలే.